ఇన్‌స్పెక్టరుగారి పరిచయస్తుడు

ఆ రోజు ఉదయం ఇన్‌స్పెక్టరుగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక కాగితం రాయాలి, టీ వేళకి దాన్ని ఆఫీసులో ఒక చుట్టు తిప్పించాలి, సాయంత్రానికి ఫైల్లో పెట్టి తాడు బిగించాలి. పదవీ విరమణకు ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. ఈలోగా ఊళ్లో లిఫ్టులు ఆగిపోతాయనీ, కంటి ఆసుపత్రి వాళ్లు రోగుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి నాలుగో అంతస్తుకు మోస్తారనీ, సొంత వియ్యంకుడు ఆయాసపడుతూ ఫోన్లో కడిగేస్తాడనీ ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆయన లిఫ్టుల తనిఖీ ఇన్‌స్పెక్టరు. ముప్ఫై మూడేళ్లుగా అదే పని. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని మేస్త్రీలు వెనకాల తిట్టుకునేవారు. లిఫ్టు గదిలోకి అడుగుపెట్టగానే ముందు తలెత్తి కొక్కెం చూస్తారు గనక చాటుమాటుగా 'కొక్కెంగారు' అనేవారు కూడా. అయితే లోపల అద్దాల చట్రంలో ఆయన సంతకం ఉన్న అనుమతి పత్రం కనిపిస్తే, ఆ తిట్టిన మేస్త్రీలే పెళ్లాం బిడ్డల్ని నిశ్చింతగా ఎక్కించేవారు.

ఇంత నిక్కచ్చి మనిషికీ ఒక రహస్యం ఉంది. ఆయనకు ఒక తమ్ముడు ఉండేవాడు. మోటార్లు బాగుచేయడంలో వాడి చేతికి తిరుగులేదు. కాకపోతే ఆ చెయ్యి సాయంత్రమయ్యేసరికి సీసా వైపు పోయేది. పదకొండేళ్ల కిందట ఒక వానాకాలం పొద్దున ఇన్‌స్పెక్టరుగారు మూడు రోజులు సెలవు పెట్టి, వాణ్ణి ఆటోలో ఎక్కించుకుని, ఊరి చివర ఉన్న మద్య విముక్తి కేంద్రం గేటు దగ్గర దింపారు. దింపి ఒక మాట అన్నారు. "లోపల ఎవరడిగినా నా పేరు చెప్పకు. అన్నయ్య ఉన్నాడనే చెప్పకు. నా సంతకాన్ని నమ్మి జనం లిఫ్టులెక్కుతున్నారు." తమ్ముడు తలూపి లోపలికి వెళ్లాడు. ఇన్‌స్పెక్టరుగారు అదే ఆటోలో తిరిగి వచ్చేశారు.

తమ్ముడు తాగుడు మానేశాడు. నిజంగా మానేశాడు. తర్వాత కూడా అక్కడే ఉండిపోయి నీళ్ల పంపులు, ఫ్యాన్లు బాగుచేస్తూ తొమ్మిదేళ్లు గడిపాడు. నెలకొక ఉత్తరం ఆఫీసు చిరునామాకు వచ్చేది. మాట మీద నిలబడే మనిషి గనక అందులో 'అన్నయ్యా' అని ఉండేది కాదు. "అయ్యా, నేను క్షేమం. ఈ నెల కూడా ముట్టలేదు. అమ్మగారికి నమస్కారాలు," అని మాత్రం ఉండేది. కింద సంతకం ఉండేది కాదు. అమ్మగారంటే వదిన. ఇన్‌స్పెక్టరుగారు ప్రతి ఉత్తరాన్నీ రెండుసార్లు చదివి, బల్ల కింది సొరుగులో పెట్టి తాళం వేసేవారు. ఒక్కదానికీ జవాబు రాయలేదు. రేపు రాద్దాం, పండక్కి రాద్దాం, రిటైరయ్యాక ఏకంగా వెళ్లి చూద్దాం అనుకున్నారు.

రెండేళ్ల కిందట ఉత్తరాలు ఆగిపోయాయి. నాలుగు నెలలు చూసి ఆయన కేంద్రానికి ఫోన్ చేశారు. గుండెపోటుతో పోయాడని అటు నుంచి ఒకావిడ చెప్పింది. "మీరు ఆయనకేమవుతారండీ?" అని అడిగింది.

"పరిచయస్తుణ్ణి," అని ఫోన్ పెట్టేశారు.

ఆ మాట అప్పట్నుంచీ గొంతులో ముల్లులా ఉండిపోయింది. పోయినవాడు ఇప్పుడేం చేసినా వెనక్కి రాడు. కనీసం వాణ్ణి మనిషిని చేసిన చోటి పేరైనా నలుగురిలో ఒకసారి అనాలి, నలుగురి చేత నాలుగు డబ్బులిప్పించాలి అనుకున్నారు. తమ్ముడి మాట మాత్రం రాకుండా.

అందుకని ఇలా రాశారు: "నా పదవీ విరమణకు గోడ గడియారం వగైరా బహుమతులు వద్దు. మీ జీవితంలో మిమ్మల్ని ఆదుకున్న ధర్మసంస్థ ఏదైనా ఉంటే, మీకు తోచినంత దానికి పంపండి. ఆ సంస్థ పేరు ఈ కింద రాయండి. నా మటుకు నేను ఊరి చివరి మద్య విముక్తి కేంద్రం చేసిన మేలును జన్మలో మరచిపోలేను."

ఇక్కడ ఆ ఆఫీసు పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. ఏ కాగితమైనా బల్ల బల్లకూ తిరగాలి. ప్రతివాళ్లూ మార్జిన్లో తమ అభిప్రాయం రాసి, తేదీ వేసి, సంతకం చేయాలి. 'చూశాను' అని ఊరుకుంటే చెల్లదు. అభిప్రాయం లేదంటే కాగితం చదవలేదని లెక్క. ఈ నియమం పన్నెండేళ్ల కిందట పట్టుబట్టి పెట్టించింది ఇన్‌స్పెక్టరుగారే. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

కాగితం ముందు టైపిస్టమ్మ బల్ల మీదికి వెళ్లింది. ఆమె చదివింది, మళ్లీ చదివింది, కళ్లజోడు తీసి తుడుచుకుంది. మార్జిన్లో "ఎన్ని కష్టాలు పడ్డారో పాపం. చల్లగా ఉండాలి," అని రాసింది. సంస్థ పేరు రాయమన్న చోట కలం పెట్టి, ఏదో ఆలోచించుకుని, తీసేసింది.

చిన్న ఇన్‌స్పెక్టరు ఆరేళ్లుగా ఇన్‌స్పెక్టరుగారి చేతికింద పని నేర్చుకున్నవాడు. "ఇంత ధైర్యం నేనెక్కడా చూడలేదు. ఇప్పుడు సొరుగు సంగతి అర్థమైంది," అని రాశాడు.

"ఏ సొరుగు?" అంది టైపిస్టమ్మ.

"కింది సొరుగండీ. ఎప్పుడూ తాళమే. నెలకోసారి తలుపు దగ్గరగా వేసుకుని తెరుస్తారు. తర్వాత కాసేపు కళ్లెర్రగా ఉంటాయి. నేను ఫైళ్లు దాస్తారనుకున్నాను."

"అయ్యో!" అని టైపిస్టమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రికార్డులాయన జాలికీ ధైర్యానికీ లొంగే మనిషి కాదు. "ఇది ఏ కాలానికి సంబంధించినదో స్పష్టత లేదు. తేదీలు జతపరచవలెను," అని రాసి, అంతటితో ఆగక తనే సెలవుల పుస్తకం తీశాడు. ముప్ఫై మూడేళ్లలో ఇన్‌స్పెక్టరుగారు కారణం రాయకుండా పెట్టిన సెలవు ఒక్కటే ఉంది. పదకొండేళ్ల కిందట, మూడు రోజులు.

"మూడు రోజుల్లో మానేశారా!" అన్నాడు చిన్న ఇన్‌స్పెక్టరు.

"ఆయన ఏ పనైనా గడువులోపలే చేస్తారుగా," అంది టైపిస్టమ్మ.

కాగితం చివరికి పెద్దసారు బల్ల మీదికి చేరింది. పెద్దసారు మంచివాడే. కానీ భద్రతకు సంబంధించిన ఏ కాగితాన్నీ ఆయన తన బల్ల మీద రాత్రి నిద్రపోనివ్వడు. ఎర్ర సిరాతో రాశాడు: "పై తేదీకి ముందు సదరు అధికారి సంతకం చేసిన అనుమతి పత్రాలు ఎన్ని? ఆ లిఫ్టులను మళ్లీ తనిఖీ చేయు వరకు నిలిపి ఉంచవలెను."

మర్నాడు పదింటికల్లా నూట అరవై లిఫ్టుల తలుపులకు నోటీసులు అతికించారు.

ఇన్‌స్పెక్టరుగారికి ఈ సంగతి వియ్యంకుడి ఫోన్ ద్వారా తెలిసింది. వియ్యంకుడిది ఏడో అంతస్తు, ఆపైన మోకాళ్ల నొప్పులు.

"బావగారూ," అన్నాడు వియ్యంకుడు. తర్వాత చాలాసేపు ఊపిరి శబ్దమే వినిపించింది. "ఏడు అంతస్తులు ఎక్కానండీ. నాలుగో అంతస్తులో ఎవరింట్లోనో కూర్చుని నీళ్లు తాగాను. వాళ్లే చెప్పారు ఇదంతా మీ వల్లేనని."

"నా వల్లా? నేనేం చేశాను బావగారూ?"

"ఏం చేశారో ఊరంతా చెప్పుకుంటోంది. పిల్లనిచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పుంటే మేమేమైనా కాదనేవాళ్లమా? మా ఆవిడ ఇప్పుడు తవ్వి తీస్తోంది, పెళ్లినాడు మీరు మెట్లు దిగుతూ తూలారట."

"చెప్పు తెగిందండీ ఆ రోజు!"

"అదే అంటున్నాను నేను కూడా," అన్నాడు వియ్యంకుడు, నమ్మని వాళ్లు వాడే మెత్తటి గొంతుతో.

ఇన్‌స్పెక్టరుగారు గుండెలు బాదుకుంటూ పెద్దసారు గదికి పరిగెత్తారు.

"నేను తాగనండీ!"

"తాగరని తెలుసు. మానేశారుగా. కూర్చోండి."

"మానేయడానికి అసలు మొదలుపెడితే గదండీ! జన్మలో ఒక్క చుక్క ముట్టలేదు."

"అలా అనిపించడం కూడా కోలుకోవడంలో ఒక మెట్టేనట. ఎక్కడో చదివాను," అని పెద్దసారు మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపాడు. "పోనీ, మీరు తాగలేదంటే ఆ కేంద్రం మేలు మీకెందుకు గుర్తు? ఎవరికోసం రాశారు? చెప్పండి. ఈ నిమిషమే ఉత్తర్వు రద్దు చేస్తాను."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఏ మనిషికీ దొరకదు. 'మా తమ్ముడు' అంటే చాలు. నూట అరవై లిఫ్టులు లేచి కూర్చుంటాయి. వియ్యంకుడి మోకాళ్లు బతుకుతాయి. ఇన్‌స్పెక్టరుగారు నోరు తెరిచారు కూడా. కానీ ఆ నోటికి పదకొండేళ్లుగా వేరే అలవాటు.

"ఒక పరిచయస్తుడి కోసం," అన్నారు.

పెద్దసారు జాలిగా నవ్వాడు. "అవును. అందరికీ ఒక పరిచయస్తుడు ఉంటాడు."

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన భార్య కూరగాయలు తరుగుతూ మొత్తం విన్నది. అన్నీ విన్నాక కత్తి పక్కన పెట్టింది.

"తమ్ముడని చెప్తే నోరు కాలిపోతుందా?"

"ఇప్పుడు చెప్తే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారు."

"అనరా మరి? అంటారు. నేనూ అడుగుతున్నాను, ఎందుకు దాచారు? ఒక్కసారి వెళ్లి చూసొస్తానంటే నన్ను కూడా గడప దాటనివ్వలేదు. మీ పేరు పోతుందని ఆ పిల్లాడి పేరు ఎత్తకుండా బతికారు. ఇప్పుడు వాడూ లేడు, మీ పేరూ లేదు." ఆమె మళ్లీ కత్తి తీసుకుంది గానీ తరగలేదు. "వాడికి నా చేతి వంటంటే ఎంత ఇష్టమో," అంది.

ఇన్‌స్పెక్టరుగారికి ఆమె తిట్టినా బాగుండును అనిపించింది. ఆమె ఏడ్చింది.

ఆ తర్వాత పదిహేను రోజులూ ఊరు మెట్లెక్కింది. కంటి ఆసుపత్రిలో ఇద్దరు వార్డు బాయ్‌లకు నడుములు పట్టేశాయి. ఒక అపార్టుమెంటులో పై అంతస్తు వాళ్లు తాడు కట్టిన బుట్ట దించి పాల ప్యాకెట్లు చేదుకున్నారు. బజారులో ఇన్‌స్పెక్టరుగారు కనబడితే జనం రెండు రకాలుగా చూసేవారు. కింది అంతస్తుల వాళ్లు జాలిగా, పై అంతస్తుల వాళ్లు కోపంగా. కొట్టువాడు ఒకడు ఆయన సోడా అడిగితే "వద్దులెండి సార్, మళ్లీ అలవాటవుతుంది," అని మజ్జిగ ఇచ్చాడు.

చిన్న ఇన్‌స్పెక్టరు, పక్క ఆఫీసు నుంచి తెచ్చుకున్న మరో ఇద్దరూ రేయింబవళ్లు నూట అరవై కొక్కేలూ, తాళ్లూ, బ్రేకులూ చూశారు. ఒక్కదానిలోనూ వంక దొరకలేదు. నివేదిక వచ్చాక పెద్దసారు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, నిట్టూర్చి, అన్నాడు.

"చూశారా! ఆ స్థితిలో ఉండి కూడా ఎంత నికార్సుగా చేశాడో. మనం శుభ్రంగా ఉండి ఏం వెలగబెడుతున్నాం?"

అంతే, గాలి తిరిగింది. లిఫ్టులు మళ్లీ కదిలాయి, మెట్లెక్కిన కాళ్ల తీపులు తగ్గాయి, తిట్టిన నోళ్లే పొగడడం మొదలుపెట్టాయి. వియ్యంకుడు ఫోన్ చేసి, "మీలాంటి మనిషితో వియ్యమందడం మా అదృష్టం బావగారూ. మా తోడల్లుడికి కాస్త నాలుగు మంచి మాటలు చెప్పాలి, వాడూ మీ బాపతే," అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు కాదు మొర్రో అన్నకొద్దీ ఆయన వినయానికి జనం ముగ్ధులైపోయారు.

వీడ్కోలు సభ మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు హాల్లోనే పెట్టారు. గోడ గడియారం లేదు. ఆయన కోరినట్టే అందరూ కాగితం నింపారు. చిన్న ఇన్‌స్పెక్టరు తెలివిగా కేంద్రం వార్డెనమ్మను కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. నెరిసిన జుట్టు, చేతి సంచీ, పెద్దగా మాట్లాడని మనిషి.

కాగితంలో ఎవరు రాసింది వాళ్లే లేచి చదివారు. టైపిస్టమ్మ లేచింది. తన తండ్రి అడవుల శాఖలో పెద్ద ఆఫీసరని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి. "నన్ను పెంచింది అనాథ బాలికల వసతి గృహం," అని చదివింది. "సార్ అంత పెద్ద విషయం చెప్పుకోగా లేనిది నాదేముందనిపించింది." రికార్డులాయన, తల్లి ఆఖరి నాలుగు నెలలూ ఉన్న ఉచిత వైద్యశాల పేరు చదివాడు. చివర తేదీ కూడా చెప్పాడు. పెద్దసారు పదహారేళ్ల వయసులో తనకు ఓనమాలు దిద్దించిన రాత్రిబడి పేరు చదివి, రుమాలు కోసం జేబులు తడుముకున్నాడు. హాల్లో ఎవరూ ఎవరి మొహం చూసుకోలేకపోయారు. అంత బాగుంది సభ.

"ఇదంతా ఒక్క మనిషి చలవ," అన్నాడు పెద్దసారు. "సీసాను గెలిచిన మనిషి. అది ఎంత కష్టమో ఊహించండి. ఒక్కో నెల, ఒక్కో నెల లెక్కపెట్టుకుంటూ ముట్టకుండా గడిపిన మనిషి!"

చప్పట్లు మోగాయి. ఇన్‌స్పెక్టరుగారు తలొంచుకుని కూర్చున్నారు. నెల నెలా 'ఈ నెల కూడా ముట్టలేదు' అని రాసింది ఎవరు? ఆ చప్పట్లు ఎవరివి? ఇన్నాళ్లూ తమ్ముడి తాగుడు తన నెత్తిన పడిందని ఏడ్చారు. ఇప్పుడు వాడు మానేసిన ఘనత కూడా తన ఖాతాలోకే వచ్చి పడుతోంది. బతికుండగా వాడి పేరు తనే తీసేశారు, చచ్చాక వాడి గెలుపు కూడా తీసుకుంటున్నారు. ఊరుకుంటే చాలు, జీవితాంతం గౌరవం. ఊరుకోలేకపోయారు.

లేచి నిలబడ్డారు.

"మానేసింది నేను కాదు. మా తమ్ముడు. నాకు సొంత తమ్ముడు ఉండేవాడు. నేనే వాణ్ణి ఆ గేటు దగ్గర దింపి వచ్చాను. తొమ్మిదేళ్లు ముట్టలేదు వాడు. నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఒక్క ఉత్తరానికీ జవాబు రాయలేదు. వాడు పోయాడని తెలిసినప్పుడు కూడా పరిచయస్తుణ్ణని చెప్పాను. ఆ చప్పట్లు వాడివి. నావి కావు." పొద్దున సొరుగు ఖాళీ చేసి సంచిలో వేసుకున్న ఉత్తరాల కట్ట తీసి బల్ల మీద పెట్టారు.

టైపిస్టమ్మ పక్కావిడ చెవిలో అనడం అందరికీ వినిపించింది. "తన గురించి చెప్పుకోలేక తమ్ముడి మీద పెట్టి చెప్తున్నారు. ఎంత నరకం పడ్డారో!"

రికార్డులాయన ఉత్తరాలు తిరగేశాడు. "'అయ్యా' అని ఉంది సార్. 'అన్నయ్యా' అని లేదు. కింద సంతకం లేదు." గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా కలిపాడు. "మీ కుటుంబ వివరాల పత్రం నిన్ననే పింఛను కోసం తీశాను. అన్నదమ్ములు అన్న చోట 'లేరు' అని ఉంది. పదకొండేళ్ల కిందట, ఆ సెలవు నుంచి వచ్చిన మర్నాడు మీరే కొత్తగా నింపి సంతకం పెట్టారు."

ఇన్‌స్పెక్టరుగారు వార్డెనమ్మ వైపు తిరిగారు. "అమ్మా, మీరైనా చెప్పండి. మీ దగ్గర ఉన్నది వాడే కదా!"

వార్డెనమ్మ ఇబ్బందిగా లేచింది. "మా దగ్గర ఎవరున్నారో, ఎవరు లేరో బయట నలుగురిలో చెప్పమండీ. అది మా కట్టుబాటు."

జనం ఒకరినొకరు చూసుకుని అర్థమైనట్టు తలలూపారు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

సభ అయ్యాక ఆయన మెట్ల దగ్గర ఆవిణ్ణి పట్టుకున్నారు. చుట్టూ ఎవరూ లేరు.

"నలుగురిలో వద్దు, నాకు చెప్పండి. నేను వాడి అన్నయ్యని. నా గురించి ఏమైనా అనేవాడా?"

ఆవిడ చేతి సంచీ మెట్టు మీద పెట్టింది. "పంపులు బాగుచేసే ఆయన ఒకరుండేవారు. మా దగ్గరున్నవాళ్లు ఊళ్లోకి వెళ్తుంటే పిలిచి మరీ చెప్పేవారు. లిఫ్టు ఎక్కేముందు లోపలున్న కాగితం చూడండి, కింద ఫలానా సంతకం ఉంటే కళ్లు మూసుకుని ఎక్కండి అని. ఆ సంతకం ఎలా ఉంటుందో గోడ మీద బొగ్గుతో గీసి చూపించేవారు. ఎవరిదయ్యా అంటే మాత్రం చెప్పేవారు కాదు."

ఇన్‌స్పెక్టరుగారు మెట్టు మీద కూలబడ్డారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ పక్కన నిలబడి ఆయన ఏడుపు ఆగేదాకా ఆగింది.

"ఇంకేమైనా చెప్పండమ్మా," అన్నారు చివరికి.

"మిగిలింది బంధువులకే చెప్పాలండీ. ఆయన చేరిన రోజు కాగితంలో బంధువుల గడి మేమెంత అడిగినా నింపలేదు. ఆఖరికి 'ఎవరూ లేరు' అని రాశారు," అని ఆవిడ నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

అన్నకు తమ్ముడు లేడని ఒక కాగితం, తమ్ముడికి అన్న లేడని ఒక కాగితం. రెండు రికార్డులు ఇంత చక్కగా సరిపోవడం ఆ ఆఫీసు చరిత్రలో చాలా అరుదు.